సాపు రాసిన చెయ్యి

ప్లమ్ పళ్ళ జామ్ సీసాలకు మూతి కాగితాలు కత్తిరిస్తుంటే మా మరిది సెప్టిమస్ వంటింట్లోకి వచ్చాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు వంటింటి గడప తొక్కడం ఇరవై ఆరేళ్ళలో నేను రెండుసార్లే చూశాను. ఒకసారి పొగగొట్టం అంటుకున్నప్పుడు, ఇంకోసారి మా మామగారు పోయిన కబురు చెప్పడానికి. అందుకని కత్తెర కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"కూర్చోండి వదినగారూ," అని, తను మాత్రం నిలబడే, గుండ్రంగా కత్తిరించి పెట్టిన కాగితాల్లో ఒకటి తీశాడు. ఒక పక్క చూశాడు. తిప్పి రెండో పక్క చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డం పెట్టి చూశాడు.

టాబితా గిన్నెలో గుడ్డు తెల్లసొన గిలక్కొడుతోంది. మా వంటమనిషి, నాకంటే ముందు ఆ ఇంటికొచ్చింది, ఎవరికీ జడవదు. "దానిమీద ఏముంటుంది అయ్యగారూ. నేను సొన రాస్తే సొన ఉంటుంది," అంది.

"ఏటా ఇలాంటి కాగితమేనా వాడేది?"

"చేతికి ఏది దొరికితే అది."

ఆయన ముఖంలోకి ఏదో పోయిన వస్తువు దొరికినట్టు వెలుగొచ్చింది. ఆ వెంటనే దానిమీద విచారం కప్పుకున్నాడు. పాదిరి కదా, విచారం కప్పుకోవడం ఆయనకి అంగీ తొడుక్కున్నంత అలవాటు. నా వంక జాలిగా చూసి, కాగితాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు. ముప్ఫై ఆరు సీసాలకు మూతులు వేసేసరికి సాయంత్రమైంది, అర్థం చేసుకునే తీరికా లేకపోయింది.

మా ఆయన పోయి ఏడాదీ నాలుగు రోజులు. ఆంబ్రోస్ హెల్లియర్ అంటే లింకన్ ఊళ్ళో బండి తోలేవాడికి కూడా తెలుసు. ఆరు నవలలు, నెలనెలా పత్రికలో వచ్చి, తరువాత మూడేసి సంపుటాలుగా అచ్చయి, దేశమంతా తిరిగాయి. మాలో ఒక ఆచారం ఉంది. అంత పేరున్నవాడు పోతే రెండేళ్ళలోపల ఇంకో రెండు లావుపాటి సంపుటాలు రావాలి. ఆయన జీవితం, ఆయన రచనలు, ఆయన ఉత్తరాలు. సమాధి మీద పెట్టేది ఒక రాయి, ఇది రెండో రాయి. ఇదే బరువు. రాసేది ఆ ఇంటి మగవాడో, ఆయన స్నేహితుడో. విధవ పనేమిటంటే ఉత్తరాలు వెతికివ్వడం, వాటిలో గుట్టుగా ఉండాల్సినవి పొయ్యిలో వెయ్యడం, రాసేవాడికి వేళకి టీ పంపడం. నాకు ఇంకొకటి కూడా పడింది. సెప్టిమస్ దస్తూరీ కోడి గెలికినట్టుంటుంది, చదవలేమని లండన్‌లో అచ్చాఫీసువాళ్ళు తిప్పి పంపారు. "అన్నయ్యవన్నీ మీరే సాపు రాశారుగా వదినగారూ, ఇదీ రాసిపెట్టండి," అన్నాడు. అడిగాడని కాదు. ఉప్పుగిన్నె ఇటు జరపమన్నట్టు అన్నాడు. నేనూ జరిపాను. వేసవి నుంచి రోజూ పొద్దున్నే నల్లబట్టల్లో కూర్చుని మా ఆయన జీవితం సాపు రాస్తున్నాను. అందులో నేను మూడుచోట్ల ఉన్నాను. ఒకచోట పెళ్ళి చేసుకున్నాను. ఒకచోట కూతుర్ని కన్నాను. ఇంకొకచోట "ఆయన ఇల్లాలు, నెమ్మదస్తురాలు, ఇంటిని ప్రశాంతంగా ఉంచేది" అని ఉంది. ఇల్లు ప్రశాంతంగా ఉండటానికి పొద్దున అయిదింటికి బొగ్గుల కుంపటి ఎవరు రాజేస్తారో అందులో లేదు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర, చల్లారిన వేటమాంసం కోసుకుంటూ సెప్టిమస్ అసలు సంగతి ఎత్తాడు. బల్లకు అటు చివర మా అత్తగారు. ఎనభై ఒకటి నిండాయి, వినపడదని అందరూ అనుకుంటారు, ఆవిడ అనుకోనిస్తుంది.

"పురపెద్దలు మళ్ళీ కబురు పెట్టారు. పెద్ద చర్చి పక్క హాల్లో అద్దాలపెట్టె సిద్ధమైందట. అన్నయ్య చేతిరాతలో ఒక్క నవలైనా అందులో పెట్టాలని వాళ్ళ కోరిక. నేను అన్నయ్య కాగితాల పెట్టెలు మూడూ అడుగంటా వెతికాను. ఉన్నవన్నీ వదినగారి సాపు ప్రతులే. అన్నయ్య రాసిన మూలం ఒక్క కాగితం లేదు."

నేను రొట్టెపళ్ళెం ఆయన వైపు జరిపాను.

"కోప్పడటానికి కాదు అడిగేది," అన్నాడు. "ఏ ఇంట్లోనైనా జరిగేదే. సాపు రాయడం అయ్యాక చిత్తు ఎందుకులే అనుకుని ఉంటారు. మా ఆవిడ నా ఈస్టర్ ప్రసంగం కేకు అడుగున వేసింది. ఆరు పేజీలు. తింటుంటే రెండో పేజీ బయటపడింది."

ఆయనొక్కడే నవ్వాడు.

"జామ్ సీసాలకేనా? ఇంకా వేటికైనా వాడారా?"

అప్పుడు అర్థమైంది, పొద్దున కాగితాన్ని వెలుతురుకు పెట్టి ఆయన వెతికింది ఏమిటో.

తప్పు ఆయనది కాదు, మా ఊళ్ళో ఎవరైనా అదే తప్పు చేస్తారు. ఆడదాని దస్తూరీలో కాగితాలు దొరికితే అవి నకలు. నకలుంటే ఎక్కడో అసలు ఉండాలి. అసలు కనపడకపోతే దాన్ని ఆడదే ఏదో చేసి ఉండాలి. పొయ్యిలోనో, సీసామీదో. ఇంకో దారిలో ఆలోచించడానికి వాళ్ళకి ఎవరూ దారి వెయ్యలేదు.

"అసలు ప్రతులు వేరే లేవు సెప్టిమస్ గారూ," అన్నాను. "నేను తగలబెట్టలేదు, చింపలేదు. మొదట్నుంచీ లేవు. పెట్టెల్లో ఉన్నవే అసలు."

"అంటే అన్నయ్య చెబుతుంటే మీరు రాసుకున్నారంటారు. కళ్ళు బాగాలేవు కనక. కానీ ఎన్నని చెప్పించుకుని రాస్తారు, ఆరు నవలలా."

"మొదటి రెండూ ఆయన చెబితే రాశాను. తరువాతవి ఆయన చెప్పలేదు. నేనే కల్పించి రాశాను."

ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని నాకు తెలియదు. పన్ను ఊడినట్టు వచ్చింది. సెప్టిమస్ ఫోర్కు పళ్ళెంలో పెట్టాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేది. లేచి వచ్చి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, చావుకి సిద్ధంగా ఉన్నవాళ్ళ చెయ్యి తీసుకున్నట్టు.

"ఏడాదిగా ఆయన కాగితాల మధ్యే ఉన్నారు వదినగారూ. ఆ మాటలు మీకు మీవే అనిపిస్తున్నాయి. దుఃఖం చేసే పనే ఇది. నేను చూశాను, మా ఊళ్ళో ఒకావిడ భర్త పోయాక ఆయన గొంతుతో మాట్లాడేది. డాక్టరుగారితో ఒకసారి మాట్లాడతాను. బక్స్‌టన్ వెళ్ళి అక్కడి ఊటనీళ్ళు తాగితే మనసు కుదుటపడుతుంది."

"మాంసం గట్టిగా ఉంది," అంది మా అత్తగారు.

ఉన్నమాట చెప్పాలి కనక పూర్తిగా చెబుతాను. మా ఆయన ఏమీ చెయ్యలేదని నేనంటే అదీ అబద్ధమే. అధ్యాయం అంటే ఏమిటో, ఎక్కడ ఆపితే చదివేవాడు వచ్చేనెల దాకా నిద్రపోడో నాకు నేర్పింది ఆయనే. పెళ్ళయిన మూడో ఏట ఆయన కళ్ళు దీపం వెలుగుకు మండటం మొదలెట్టాయి. గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవారు, నేను రాసేదాన్ని. మంచి గొంతు. ఆ గొంతు వింటూ రాయడం నాకు సంతోషంగానే ఉండేది, కాదనను. తరువాత తరువాత, "అక్కడ ఆడవాళ్ళ పనేదో ఉండాలి, నీకు తెలుసుగా, పెట్టు," అనేవారు. పెట్టేదాన్ని. తరువాత, "ఆవిడ ఏమంటుందో రాసెయ్, నీకు తెలుస్తుంది," అనేవారు. తెలిసేది. ఆ తరువాత పొద్దున రొట్టెముక్కకి వెన్న రాసుకుంటూ నాలుగు ముక్కల్లో కథ చెప్పి క్లబ్బుకి వెళ్ళిపోయేవారు. ఆఖరి తొమ్మిదేళ్ళూ ఆ నాలుగు ముక్కలు కూడా లేవు. పేరు పెట్టేవారు. నవలకి పేరు, కింద తన పేరు. నేను రాసింది చదివేవారు కాదు. అది ఆ ఇంటి పద్ధతి. సాపు ప్రతిని హెల్లియర్ల ఇంట మగవాడెవడూ చదవడు. సాపు రాసిందంటే సరిగ్గానే ఉంటుంది, మళ్ళీ చదవడం దేనికి. పార్సిలు కట్టేది నేను, లక్క ముద్ర వేసేది నేను, స్టేషన్‌కి తీసుకెళ్ళేది నేను, ప్రూఫులొస్తే దిద్దేది నేను. అచ్చయి పత్రిక ఇంటికొచ్చాకే ఆయన చదివేవారు, అదీ కళ్ళు బాగున్న రోజున. చదివి, తనే రాసినట్టు తల ఊపేవారు.

ఇవన్నీ పనులు అని నాకప్పుడు అనిపించలేదు. బట్టలు ఉతకడం పని, కూరగాయలు తరగడం పని. రాయడం మా ఆయన పని, దాన్లో నేను సాయం. సాయం అనే మాట భలే మాట. ఎంత చేసినా నిండదు.

సెప్టిమస్ రాసిన రెండో సంపుటంలో "డోర్కాస్ బ్లై" నవల గురించే నలభై పేజీలున్నాయి. అది మా ఆయన పుస్తకాలన్నిటిలోకీ గొప్పదంటారు. బట్టలుతికి బతికే మనిషి కథ. అందులో ఇరవై రెండో అధ్యాయం గురించి సెప్టిమస్ ఇలా రాశాడు: "స్త్రీ హృదయంలోకి ఇంత లోతుకి దిగిన పురుషుడు ఇంకొకడు లేడు. ఈ అధ్యాయాన్ని ఆయన తన బల్ల దగ్గర, కన్నీళ్ళతో, ఏకబిగిన పూర్తిచేశాడు." ఆ వాక్యాన్ని నేనే సాపు రాశాను. కన్నీళ్ళు అన్నచోట సిరా కొంచెం ఎక్కువ పడితే అద్దుడుకాగితం వేశాను.

మా పాప లెటిస్‌కు అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. ఎర్రజ్వరం. పోయిన మూడోనాడు మా ఆయనకి గాలిమార్పు కావాలన్నారు డాక్టరుగారు, ఆయన స్కాట్లాండ్ వెళ్ళారు. నాకు గాలిమార్పు ఎవరూ చెప్పలేదు. నెలాఖరుకి పత్రికకి అధ్యాయం పంపాలి. జ్వరం తగిలిన బట్టలు కాల్చెయ్యాలని చెప్పి వెళ్ళారు. అన్నీ కాల్చాం, ఒక్క తెల్ల గౌను తప్ప. దాన్ని మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను. నీలిమందు వేశాను, గంజి పెట్టాను, ఆరీ ఆరకుండా తీసి ఇస్త్రీ చేశాను. చేతుల అంచున చిన్న కుచ్చులుంటాయి, పదకొండు ఒకదానికి, పదకొండు ఇంకోదానికి. ఒక్కొక్కటీ విడదీసి నొక్కాను. ఎవరికోసం చేస్తున్నానని టాబితా అడగలేదు. ఇస్త్రీపెట్టె చల్లారితే పొయ్యి మీదది తెచ్చి ఇచ్చేది, చల్లారింది తీసుకెళ్ళేది. అయిపోయాక మడిచి పక్కన పెట్టి, అక్కడే ఆ బల్లమీదే, ఇంకా గంజివాసన పోని చేతులతో, డోర్కాస్ తన చెల్లెలి పాపకి ఆఖరి గౌను ఇస్త్రీ చేసే అధ్యాయం రాశాను. కన్నీళ్ళు రాలేదు. అప్పుడు వస్తే గంజి మీద మరక పడుతుందని భయపడ్డట్టున్నాను, ఆ తరువాత అవి రావడం మర్చిపోయాయి.

ఆ అధ్యాయానికి దేశం ఏడ్చింది. మా ఆయన ఊరూరా హాళ్ళలో నిలబడి దాన్ని పైకి చదివేవారు. చదువుతూ కుచ్చుల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కూడా పూడుకుపోయేది. ఒకరోజు అలా చదివొచ్చి, బూట్లు విప్పుకుంటూ, "ఆ పేజీ నాకు బాగా కుదిరింది కెజియా," అన్నారు. అబద్ధం ఆడితే క్షమించేదాన్నేమో. ఆయన నిజంగానే అనుకున్నారు.

డాక్టరు వచ్చి నా నాలుక చూసి, నాడి చూసి, రాత పని తగ్గించమన్నాడు. "జీవితం సాపు రాయడం ఒక్కటీ పూర్తిచెయ్యనీండి," అన్నాడు సెప్టిమస్. సరే, అదొక్కటీ అన్నాడు డాక్టరు. ఆ వారమే సెప్టిమస్ తన అధ్యాయంలో కొత్తగా చేర్చిన కాగితం ఒకటి నా ముందు పెట్టి, "మీకు నొప్పి కలగకుండా రాశాను," అన్నాడు. అందులో ఉన్నది ఇది: "హెల్లియర్ స్వహస్తంతో రాసిన మూలప్రతులు, వాటి విలువ తెలియక, ఇంటి అవసరాలకు వాడబడి నశించాయని ఆయన భార్య ఎంతో పశ్చాత్తాపంతో ఒప్పుకున్నారు."

"నేను ఒప్పుకోలేదు," అన్నాను.

"మీ మంచికే వదినగారూ. ఏదో ఒకటి చెప్పకపోతే పురపెద్దలు ఊరుకోరు. పోయాయి అంటే సరిపోతుంది. లేకపోతే మీరు ఆ రోజు బల్ల దగ్గర అన్న మాట ఎవరి చెవినైనా పడితే, మిమ్మల్ని ఏమనుకుంటారు? దానికంటే ఇది మర్యాద."

ఏ పుస్తకమైనా కొన్నాళ్ళకి పాతబడుతుంది గానీ ఇలాంటి వాక్యం పాతబడదు. "డోర్కాస్ బ్లై" చదివిన ప్రతివాడూ, ఇంకో వందేళ్ళకైనా, ఓహో, ఆ మహానుభావుడి కాగితాలతో జామ్ సీసాలు మూసిన ఆవిడ కదూ, అంటాడు. లెటిస్ గౌను కూడా ఆయనదైపోయింది. నాకు మిగిలేది సీసా మూత.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు నన్ను తన గదికి పిలిపించింది. "తలుపు వెయ్యి," అంది. వేశాను. "కూర్చో. అరవకు. నాకు వినపడుతుంది."

కూర్చున్నాను.

"నాకు తెలుసు," అంది, మేజోడు అల్లుతూనే.

"ఏం తెలుసు అత్తయ్యా?"

"ఆంబ్రోస్‌కి బళ్ళో ఉన్నప్పుడు పుట్టినరోజు ఉత్తరం రాయమంటే, 'అమ్మా, ఇక్కడ వాన' అని రాశాడు. అంతే. ఒక పేజీలో. అలాంటివాడు గంజి పెట్టడం గురించి ఏడు పేజీలు రాశాడంటే నేను నమ్ముతానా? వాడికి గంజి ఏ డబ్బాలో ఉంటుందో తెలీదు."

ఇరవై ఆరేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం.

"మరి ఆ రోజు బల్ల దగ్గర..."

"మాంసం నిజంగానే గట్టిగా ఉంది." కుట్లు లెక్కపెట్టుకుని మళ్ళీ ఎత్తుకుంది. "మీ మామగారి చర్చి ప్రసంగాలు ఎవరు రాశారనుకున్నావ్? నలభై ఒక్క ఏడు. వారానికొకటి, పండగలకి రెండు. బిషప్‌గారు ఒకసారి ఆయన్ని కావలించుకున్నారు, దేవుడే మీ చేత పలికించాడని. నేను వెనక బెంచీలో కూర్చుని, నా మాటలకి నేనే తలవంచి ఆమెన్ అన్నాను."

"మీకు ఏమీ అనిపించలేదా?"

"ఎందుకనిపించదు? నేను చెక్కనా? అనిపించింది. తరువాత పిల్లలు పుట్టారు. చూడు కెజియా, మా ఇంటి మగవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. తాగరు, చెయ్యెత్తరు. మాట ఒక్కటీ రాదు వాళ్ళకి. సెప్టిమస్ చెప్పిన వాక్యం రాసెయ్. ఆడది కాగితాలు పాడుచేసిందంటే లోకం నవ్వి ఊరుకుంటుంది. ఆడది రాసిందంటే ఊరుకోదు."

"రాసేవాళ్ళు లేరా అత్తయ్యా. ఎంతమంది అచ్చు వేసుకోవడం లేదు."

"వాళ్ళు మొదట్నుంచీ నాది అన్నారు. నువ్వు మొగుడి పేరు పెట్టి, మొగుడు పోయాక నాది అంటున్నావ్. దాన్ని రాయడం అనరు, దొంగతనం అంటారు. పోయినవాడి జేబులో చెయ్యి పెట్టడం అంటారు."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. బయట బండి వెళ్ళిన చప్పుడయ్యాక అడిగాను, "ఆ ప్రసంగాలు ఇప్పుడెక్కడున్నాయి?"

"మీ మామగారితోనే ఉన్నాయి. శవప్పెట్టెలో, కాళ్ళ దగ్గర పెట్టించారు. ఆయన జీవితకాలపు కష్టం కదా, ఆయనతోనే ఉండాలని అందరూ అన్నారు."

"ఎవరు సర్దారు?"

సూదులు ఆగాయి. "నేనే," అంది. "తడి తగలకుండా మైనపుగుడ్డలో చుట్టి మరీ పెట్టాను."

ఆవిడ ముఖం ఏమీ మారలేదు. మళ్ళీ అల్లడం మొదలెట్టింది. కానీ ఆ మైనపుగుడ్డ మాట నన్ను వదల్లేదు. నలభై ఒక్క ఏడు మాటలు అల్లినావిడ, వాటిని మట్టిలోకి పంపుతూ కూడా తడి తగలకుండా చూసుకుంది. ఎవరు చదవాలని? నేను కిందికి వచ్చి, ఆ రోజు టాబితా చెయ్యాల్సిన అంట్లు కూడా నేనే తోమేశాను. చేతులకి ఏదో ఒకటి కావాల్సివచ్చింది.

అక్టోబరు రెండోవారానికి ఉత్తరాల భాగం చేరాను. ఉత్తరాలు సెప్టిమస్ ముందే వడకట్టాడు. పెద్ద ఆలోచనలున్న చోట్లు ఉంచి, మిగతాది ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. అంచున "ఇంటి సంగతులు, వద్దు" అని రాశాడు. నేను కొట్టేసినవి వదిలి, ఉంచినవి సాపు రాస్తున్నాను. అలా రాస్తూ స్కాట్లాండ్ ఉత్తరానికి వచ్చాను. లెటిస్ పోయిన నెల ఉత్తరాలు నేను రెండోసారి ఎప్పుడూ విప్పలేదు, కట్టతో సహా సెప్టిమస్‌కి ఇచ్చేశాను. ఇప్పుడు నా ముందు విప్పి ఉంది. మా ఆయన సొంత దస్తూరీ, పెద్దపెద్ద అక్షరాలు, కొండదిగుతున్నట్టు ఏటవాలుగా.

"ఇక్కడి కొండల మౌనంలో మనిషి తన చిన్నతనాన్ని తెలుసుకుంటాడు," అని మొదలు. అది ఉంచాడు. "ట్రౌట్ చేపలు బాగా పడుతున్నాయి. నిన్న ఒక్కటే నాలుగు పౌండ్లు తూగింది." అదీ ఉంచాడు, గొప్పవాళ్ళు చేపలు పట్టడం పాఠకులకి ఇష్టం. ఆ తరువాత నుంచీ ఎర్ర గీత. గీత కింద: "ఇరవై రెండో అధ్యాయం సంగతి నువ్వే చూసుకో. నాకు ఏమీ తోచడం లేదు, తోచించుకోవాలనీ లేదు. నువ్వు ఏం రాస్తే అదే, సంచికలో చూస్తాను. నా ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపించు, ఇక్కడ చలి."

అంచున, ఇంటి సంగతులు, వద్దు.

అధ్యాయాన్నీ మేజోళ్ళనీ ఒకే గీతతో కొట్టేశాడు సెప్టిమస్. చదివే కొట్టేశాడా, కెజియా అనే పేరు చూసి కొట్టేశాడా నాకు తెలియదు. రెండోదే అయ్యుంటుంది. పెళ్ళానికి మొగుడు రాసే ముక్కల్లో పనికొచ్చేది ఏముంటుంది.

చాలాసేపు ఆ ఉత్తరం మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. సంతోషించాననుకుంటారేమో. ఇన్నేళ్ళకి సాక్ష్యం దొరికిందని ఎగిరి గంతేశాననుకుంటారేమో. నాకు ముందు కోపం వచ్చింది, అదీ నామీదే. నా మాట నేను చెబితే పిచ్చి అన్నారు. అదే మాట ఆయన అక్షరాల్లో ఉంటే నమ్ముతారు. నాకు నేను ఉన్నానని చెప్పడానికి కూడా ఆయన దస్తూరీ కావాల్సివచ్చింది. ఈ అద్దాలపెట్టెలో పెట్టాల్సిన చేతిరాత ఇదే కదా అనుకున్నాను. మేజోళ్ళు పంపించు.

తరువాత కలం తీసుకుని ఆ ఉత్తరాన్ని సాపు రాశాను. కొండల మౌనం, చేపలు, ఇరవై రెండో అధ్యాయం, మేజోళ్ళు. అంతా. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు. ఆ మధ్యాహ్నమే, నేను పశ్చాత్తాపపడిన వాక్యం ఉన్న పేజీ దగ్గరికి కూడా వచ్చాను. ఇరవై ఆరేళ్ళలో ఎన్నో వాక్యాలు మార్చాను, వాళ్ళవి మెరుగు చెయ్యడానికి. ఆ వాక్యాన్ని మెరుగు చెయ్యబుద్ధి కాలేదు. దాన్ని వదిలేసి, దానికున్న చోటులో ఇలా రాశాను: "ఈ నవలల్లో మొదటి రెండూ ఆంబ్రోస్ హెల్లియర్ చెప్పగా నేను రాశాను. తక్కిన నాలుగూ నేనే రాశాను. వేటికీ వేరే మూలాలు లేవు. ఇరవై రెండో అధ్యాయంలోని గౌను నా కూతురు లెటిస్‌ది." కింద నా పేరు. కెజియా హెల్లియర్ అని రాసి, ఆగి, పెళ్ళికి ముందటి ఇంటిపేరు కూడా మధ్యలో పెట్టాను. చాలాకాలమైంది రాసి. అందులో రెండో అక్షరం ఎలా తిప్పేదాన్నో చెయ్యి మర్చిపోలేదు.

రెండు సంపుటాల కాగితాలూ సర్ది, తాడు కట్టి, లక్క వేసి, ఎప్పటిలాగే నేనే స్టేషన్‌కి తీసుకెళ్ళి పన్నెండింటి బండికి వేశాను. పార్సిలు పైన అచ్చాఫీసుకి చిన్న చీటీ పెట్టాను. ఇన్నాళ్ళూ ప్రూఫులు నాకే వచ్చేవి, నేనే దిద్ది పంపేదాన్ని. ఈసారి అలా కాదు.

మర్నాడు సెప్టిమస్ భోజనానికి వచ్చాడు. మా అత్తగారు బల్లకు అటు చివర సూప్ తాగుతోంది.

"వెళ్ళిందా వదినగారూ?"

"వెళ్ళింది."

"మొత్తం? ఆ చివర చేర్చిన కాగితంతో సహా?"

"ఆ పేజీ కూడా ఉంది."

"మార్పులూ అవీ ఏమైనా చేశారా? కామాలూ చుక్కలూ."

"ఎప్పుడూ చేసేవే," అన్నాను. అత్తగారి చెంచా గిన్నె అంచుకి తగిలి ఆగింది. తలెత్తి నావంక చూసింది, చాలాసేపే చూసింది.

"మీ చేతి మీద నాకు నమ్మకం," అని సెప్టిమస్ రొట్టె తుంచుకున్నాడు. "ప్రూఫులొస్తే మీరే ఒకసారి చూసి పంపించెయ్యండి. నాకు క్రిస్మస్ ప్రసంగాల పని ఉంది."

"కుదరదు. డాక్టరుగారు రాత పని తగ్గించమన్నారుగా. ప్రూఫులు మీ ఇంటికే పంపమని రాశాను. మీరే చూడాలి, మొదటి పేజీ నుంచి."

సెప్టిమస్ మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఎవరో తనని అంట్లు తోమమన్నట్టు. మూడు వారాల్లో వస్తాయవి. వచ్చాక బండి కట్టుకుని వస్తాడేమో. డాక్టర్ని వెంటపెట్టుకుని వస్తాడేమో. బక్స్‌టన్ పంపినా పంపుతారు. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేస్తాడేమో కూడా, అచ్చులో ఉండేదీ లేందీ ఆయన చేతిలో ఉంది, నాకు తెలుసు. కొట్టెయ్యనీ. కానీ కొట్టెయ్యాలంటే ముందు చదవాలి.